తాడుతో కూర్చోబెట్టిన అద్దం

మా షాపు వెనక గోడకు ఒక మేకు మీద తాడు వేలాడుతూ ఉంటుంది. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. సబ్బు నీళ్లలో నాని, ఎండి, మళ్లీ నాని దాని అసలు రంగు ఏమిటో ఇప్పుడు నేను కూడా చెప్పలేను. వచ్చినవాళ్లు దాన్ని చూసి బట్టలు ఆరేసుకునే తాడు అనుకుంటారు.

నేను కార్లకు అద్దాలు వేసే మనిషిని. మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్లే రోడ్డు మీద మా షాపు. ఐదో తరగతి దాకా చదివాను. రసీదు మీద బండి నంబరు, అద్దం రకం రాయడం తప్ప ఇంతవరకు ఏమీ రాయలేదు. ఈ కాగితం ముందు కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అందుకే నాకు బాగా తెలిసిన ఆ తాడు దగ్గర మొదలుపెడుతున్నాను.

ఒకప్పుడు కార్ల ముందు అద్దాలు రబ్బరు బీడింగ్‌తో నిలబడేవి. ముందుగా అద్దం చుట్టూ రబ్బరు తొడగాలి. ఆ రబ్బరుకు ఉన్న గాడిలో తాడు చుట్టూ తిప్పి, రెండు కొసలూ కింద నడిమధ్యలో వదలాలి. కొసలు కారు లోపలికి వేలాడాలి. అద్దం కూర్చునే కారు రేకు అంచుకు సబ్బు నీళ్లు రాసి, అద్దాన్ని బయటి నుంచి ఆనించాలి. అప్పుడు ఒక మనిషి బయట నిలబడి అరచేతులతో తడుతుంటే, ఇంకో మనిషి లోపల కూర్చుని తాడు లాగుతూ ఉండాలి. తాడు ఊడివచ్చే కొద్దీ దాని వెనకే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. బయటి మనిషి ఒక్క దెబ్బ ఎక్కువ వేసినా, లోపలి మనిషి ఒక్క జానెడు ఎక్కువ లాగినా అద్దం టప్‌మంటుంది. ఒంటరిగా చేసే పని కాదది.

మా షాపులో లోపల కూర్చున్నది నా భార్య.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆమె నాకు అన్నం డబ్బా తెచ్చింది. నాతో పనిచేసే ఆయన ఆ రోజు జ్వరంతో రాలేదు. కారు మనిషి ఎండలో నిలబడి తొందరపెడుతున్నాడు. నేను ఆమె వైపు చూశాను. ఆమె గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని కారెక్కింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అన్నం డబ్బా తెచ్చిన మనిషి సాయంత్రం దాకా ఇంటికి పోలేదు.

అప్పుడు మా ఇల్లు రెండు గదులు. అమ్మా నాన్నా, ఇద్దరు తమ్ముళ్లు, మేమిద్దరం. ఇంట్లో ఆమెతో నాలుగు మాటలు మాట్లాడాలంటే నాకు సిగ్గు. షాపులో మాత్రం అద్దానికి అటు ఆమె, ఇటు నేను, మధ్యలో జానెడు దూరం. ఆమె నుదుటి మీద చెమట కూడా కనిపించేది.

"ఏందట్ల చూస్తున్నవ్? గ్లాస్ చూడు, నన్ను కాదు" అనేది లోపలి నుంచి.

"గ్లాస్ల నువ్వే కనబడుతున్నవ్ మరి."

"గట్లైతే జెర మెల్లగ కొట్టు. నన్నే కొట్టినట్టున్నది."

అద్దం అడ్డం ఉండటంతో ఆ మాటలు దూరం నుంచి వస్తున్నట్టు వినిపించేవి. ఇప్పుడు తలుచుకున్నా అలాగే వినిపిస్తాయి. మాకు ఒక అలవాటు ఉండేది. తాడు మూల మలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఆమె "ఆగు" అనాలి. అప్పుడు నేను రెండు చేతులూ అద్దం మీద ఆనించి కదలకుండా ఉండాలి. ఆమె రబ్బరును వేలితో తడిమి చూసుకుని, "ఊఁ" అంటే మళ్లీ తట్టాలి. ఈ "ఆగు", "ఊఁ" మధ్య నేను ఎన్నడూ నోరు మెదపలేదు. పని ముగించి ఇంటికి వెళ్లేసరికి ఆమె అరచేతుల మీద ఎర్రని చారలు ఉండేవి. అమ్మ చూసి నన్ను తిట్టేది.

తర్వాత గమ్ముతో అంటించే అద్దాలు వచ్చాయి. ఇప్పుడు కొత్త కార్లన్నీ అవే. పాత గమ్మును తీగతో కోసి, అద్దం తీసి, రేకు శుభ్రం చేసి, నల్లని గమ్ము గీతలాగా వేసి, అద్దానికి అతుక్కుని పట్టుకునే రబ్బరు కప్పులతో కొత్త అద్దాన్ని ఎత్తి ఆనించడమే. లోపల ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఆమె రావడం మెల్లమెల్లగా తగ్గి, ఒకనాటికి ఆగిపోయింది. రావద్దని నేను అనలేదు. రానని ఆమె కూడా అనలేదు.

కారున్నవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గమ్ము అద్దం వేయించుకున్న వెంటనే బండి తీయకండి. గమ్ము డబ్బా మీద ఎన్ని గంటలని రాసి ఉంటే అన్ని గంటలు ఆగండి. అంచులకు వేసిన టేపు మేం చెప్పేదాకా పీకకండి. పక్క కిటికీ ఒక వేలంత దించి ఉంచండి. అన్ని కిటికీలూ మూసి తలుపు ధడేల్‌మని వేస్తే లోపలి గాలి పచ్చి గమ్మును బయటికి తోసేస్తుంది. ఈ మాట నేను రోజూ చెబుతాను. చెప్పించుకున్న మనిషి "సరే అన్నా" అని, నా ముందే దిగి తలుపు ధడేల్‌మని వేస్తాడు.

ఇక తాడు అసలు పని దగ్గరికి వస్తాను.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం మధ్యాహ్నం పాత వ్యాను ఒకటి మా షాపు ముందు ఆగింది. నడిపేది ఒక ఆమె. యాభై ఏళ్లు ఉంటాయి. చీర కొంగు నడుముకు బిగించుకుని దిగింది. ఆమెది గోదావరి వైపు ఊరు. మల్కాజ్‌గిరిలో కర్రీ పాయింటు నడుపుతోంది. గిన్నెలూ, డేక్షాలూ ఆ వ్యానులోనే పెట్టుకుని తానే నడుపుకుంటూ తిరుగుతుంది. బండిలోంచి తాలింపు వాసన వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇది చూడండి. పొద్దున్న దాకా ఏమీ లేదండి. ఇప్పుడు చూస్తే గోదారి పాయలా చీలిపోయింది."

చూశాను. అద్దం కింది అంచుకు జానెడు పైన మొదలై డ్రైవర్ కళ్ల ముందు దాకా ఒక పగులు పాకింది. అది మొదలైన చోట ఎర్రగా, గట్టిగా ఒక చుక్క ఉంది. గోటితో గీకాను. రాలేదు.

"గీ ఎరుపేందమ్మా?"

"కుంకమండి."

"గ్లాస్ లోపలికెట్ల పోయింది కుంకుమ?"

ఆమె చెప్పింది. రెండు నెలల కిందట యాప్రాల్ దగ్గర కంకర లారీ వెనక వెళుతుంటే ఒక రాయి ఎగిరి వచ్చి తగిలింది. శనగబద్దంత దెబ్బ. "బండికి దెబ్బ తగిలిందంటే దిష్టే కదండీ. అందుకని ప్రతి శుక్రవారం అద్దం కడిగి, సరిగ్గా ఆ దెబ్బ మీదే పసుపు రాసి బొట్టు పెడుతున్నా. రెండు నెల్లు నిలబడిందండి, అమ్మవారి దయ."

"మరి ఈ పొద్దు?"

"ఎండలో ఉంది బండి. బకెట్టుతో చన్నీళ్లు కొట్టా. టప్‌మంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ దెబ్బ తగిలిన రోజే మా దగ్గరికి వచ్చి ఉంటే అరగంట పని. రూపాయి బిళ్ల కన్నా చిన్న దెబ్బ, అద్దం అంచుకు దూరంగా, నడిపేవాళ్ల చూపుకు అడ్డం కాకుండా ఉంటే మందు ఎక్కించి నిలబెట్టవచ్చు. ముందు అద్దం ఒక్క పలక కాదు. రెండు పలకలు, వాటి మధ్య పలుచని ప్లాస్టిక్ పొర. రాయి దెబ్బ మామూలుగా పై పలకకే తగులుతుంది. ఆ చిన్న గుంటలోని గాలి లాగేసి, నీళ్లలాంటి మందు ఎక్కించి, దానికోసం ఉన్న లైటు పట్టి గట్టిపరుస్తాం. మచ్చ కొంచెం మిగులుతుంది, పగులు మాత్రం పాకదు. కానీ లోపల దుమ్ము గానీ, నీళ్లు గానీ, సబ్బు గానీ చేరితే మందు అంటదు. ఈమె వారం వారం నీళ్లూ, పసుపూ, కుంకుమా అన్నీ నింపింది. పైగా ఎండలో కాలిన అద్దం మీద చన్నీళ్లు. ఎండలో నిలబెట్టిన కారులో ఏసీ ఒక్కసారిగా అద్దం మీదికి వదిలినా ఇదే జరుగుతుంది.

"రాయి తగిలిన్నాడు మీద చిన్న టేపు ముక్క ఏసి వస్తే అయిపోతుండెనమ్మా. ఇప్పుడు ఏం మందు పెట్టినా ఆగదు. గ్లాస్ మార్చుడే" అన్నాను.

"పోనీ ఇప్పుడు టేపు వేసేయండి. రేపటికి నెట్టేస్తా."

"కండ్ల ముంగట పగులు పెట్టుకొని తోల్తవా? ఎదురు బండి లైటు పడితే ఒక్కటి రెండయి కనబడతది."

ఆమె వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయింది. మర్నాడు యాప్రాల్‌లో ఒక గృహప్రవేశం. రెండు వందల మందికి భోజనం. ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని అది. మంచి ముహూర్తాల రోజు కావడంతో ట్రాలీ ఆటో ఏదీ దొరకలేదు. పొద్దున ఆరింటికల్లా టిఫిన్లు అక్కడ ఉండాలి. దారిలో ఇద్దరు మెకానిక్కుల దగ్గర ఆగిందట. ఈ మోడల్ అద్దం ఎక్కడా దొరకదన్నారు. ఒకాయనైతే, "తుక్కు కింద ఇచ్చేయమ్మా" అన్నాడట.

"తుక్కేంటండీ! ఇది నాకు అన్నం పెట్టిన బండి" అంది. కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఏడ్చినట్టు తెలుస్తుందని కాబోలు.

ఆ వ్యానుకు సరిపోయే అద్దం నా దగ్గర ఒకటి ఉంది. షాపు అటక మీద పాత దుప్పట్లో చుట్టి పెట్టాను. రబ్బరు అద్దాల కాలంలో కొన్న వాటిలో మిగిలింది అదొక్కటే. ఎన్నోసార్లు నా భార్య, "అమ్మెయ్యరాదు? దానికి రోజు దండం పెడుతున్నవా?" అంది. ఎందుకో అమ్మలేదు.

అద్దం దింపి చూశాను, బాగుంది. దానితో పాటు దాచిన రబ్బరు మాత్రం గట్టిపడింది. వేడి నీళ్లలో వేశాను, మెత్తబడింది. ఇక మిగిలింది మనిషి. నాతో ఇప్పుడు పనిచేసే ఆయన గమ్ము పనిలో నిపుణుడు. తాడు ఎన్నడూ పట్టలేదు. ఈ అద్దం పగిలిందా, ఇంకొకటి లేదు. ఆమె గిన్నెలు రేపు కదలవు.

ఇంటికి ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నవ్?"

"పప్పు ఏరుతున్న. ఏమైంది?"

"షాపుకొస్తవా? తాడు పని పడ్డది."

పప్పు చాట కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎన్నేండ్లాయె. నా చేతులు గిప్పుడు పని చేస్తయా?"

"నీకే తెల్వాలె."

"అన్నం తినేటప్పుడు నేను యాదికొస్త, తాడు పట్టేటప్పుడు యాదికొస్త. మధ్యల ఎప్పుడన్న యాదికొచ్చిన్నా నీకు?" అని ఫోన్ పెట్టేసింది.

అరగంటలో ఆటో దిగింది. వచ్చీ రావడంతోనే వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, రబ్బరును రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంకొంచెంసేపు వేడి నీళ్లల్ల ఉండనియ్యి" అంది. పగిలిన అద్దంలోని కుంకుమ చూసింది. కర్రీ పాయింటు ఆమెను చూసింది.

"బండికి బొట్టు పెట్టినవ్ గానీ అక్కా, పుండు మీద పెడతరా ఎవరన్న?"

"తెలీక పెట్టా వదినగారూ. ఇప్పుడు మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా."

"ముందుగాల గ్లాస్ ఎక్కనియ్యి."

పాత అద్దం తీశాం. రేకు అంచుకు పట్టిన తుప్పు గీకాం. ఇది కూడా కారున్నవాళ్లు అడిగి చేయించుకోవాలి. తుప్పు మీద రబ్బరు పెట్టినా, గమ్ము పెట్టినా వర్షం పడిన మొదటి రోజే నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి. తర్వాత కొత్త అద్దానికి రబ్బరు తొడిగాను. మేకు మీది తాడు తీసి గాడిలో తిప్పాను. నా భార్య గాజులు పైకి తోసుకుంది. ఇదివరకు మోచేతి దాకా పోయే గాజులు ఈసారి సగం దూరంలో ఆగిపోయాయి. ఆమె వాటిని ఒకసారి చూసి వ్యాను ఎక్కింది.

నేనూ, నాతో పనిచేసే ఆయనా అద్దం ఎత్తి ఆనించాం. ఆయన పక్కకు జరిగాడు. కర్రీ పాయింటు ఆమె చేతులు జోడించి రోడ్డు మీద నిలబడింది.

"షురూ చెయ్యాల్నా?" అన్నాను.

"నువ్వు కొడితే గద నేను లాగేది."

కింది అంచు సులువుగా కూర్చుంది. ఎడమ పక్క ఎక్కింది. పై అంచు కూడా సగం దాటింది. కుడి పై మూల దగ్గర తాడు బిగుసుకుంది. ఇంకొక్క గట్టి దెబ్బ వేస్తే ఎక్కుతుందని అనిపించింది. చెయ్యి ఎత్తాను.

"ఆగు!"

ఆ మాట విని ఎన్నేళ్లయిందో. నా రెండు అరచేతులూ వాటంతట అవే అద్దం మీద ఆని ఆగిపోయాయి.

"గా మూలకు రబ్బర్ మడతపడ్డది. నువ్వు గుద్దితే గింతే సంగతి, రెండు ముక్కలు" అంది లోపలి నుంచి. "నీ చెయ్యికి గమ్ము అలవాటైంది. అప్పటి చెయ్యి కాదిది."

ఆమె తాడును వెనక్కి వదులు చేసింది. వ్యానులోని గిన్నెల్లోంచి ఒక స్పూను తీసి, సబ్బు నీళ్లలో ముంచి, దాని వెనక భాగంతో మడతను మెల్లగా విప్పడం మొదలుపెట్టింది. స్పూను కర్రీ పాయింటు వాళ్లదే. నేను అద్దం మీద చేతులు ఆనించి ఆమె ముఖం చూస్తూ ఉన్నాను. పాపిట దగ్గర తెల్ల వెంట్రుకలు. కింది పెదవి పంటి కింద పెట్టుకుంది. పని కష్టంగా ఉన్నప్పుడు అప్పుడూ అంతే. జానెడు దూరం. ఇంట్లో రోజూ చూసే ముఖమే. ఇంతసేపు ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు.

"ఏందట్ల చూస్తున్నవ్?"

"గ్లాస్ చూస్తున్న."

"అబద్ధం" అంది. కాసేపటికి, "ఊఁ."

తట్టాను. మెల్లగా, అరచేయి మొత్తం పరిచి. తాడు కదిలింది. మూల ఎక్కింది. తర్వాత కొస దాకా తాడు దానంతట అది వచ్చినట్టు వచ్చి ఆమె ఒళ్లో పడింది.

మగ్గుతో రబ్బరు చుట్టూ నీళ్లు పోశాను. నా భార్య లోపల వేలితో తడిమి, "సుక్క లేదు" అంది. రబ్బరు అద్దంలో ఉన్న మంచి అది. ఆరేదాకా ఆగే పని లేదు, అప్పుడే నడపవచ్చు. అదే గమ్ము అద్దమైతే పొద్దున ఆరింటికి నేను కర్రీ పాయింటు ఆమెను అంత ధైర్యంగా పంపేవాణ్ని కాదు.

వెళ్లడానికి వ్యాను ఎక్కి ఆమె మెల్లగా తలుపు వేసింది. అంత మెల్లగా తలుపు వేసిన కస్టమరును నేను అంతవరకు చూడలేదు.

మర్నాడు పొద్దున్నుంచి నాకు పని మీద మనసు లేదు. ఎక్కడైనా గుంతలో పడి ఆ మూల లేచిందేమో, అద్దం జారిందేమో అని ఆలోచన. నా భార్య కూడా, ఇంట్లో పని ఉందని చెప్పిన మనిషి, పదింటికే షాపుకు వచ్చి కూర్చుంది. బండి చప్పుడు వినిపించినప్పుడల్లా ఇద్దరం రోడ్డు వైపు చూశాం. మధ్యాహ్నం మూడింటికి వ్యాను వచ్చింది. అద్దం అలాగే ఉంది. ఆమె దిగి పెద్ద స్టీలు డబ్బా మా బల్ల మీద పెట్టింది.

"టిఫిన్లు ఆరింటికి ఐదు నిమిషాల ముందే దించానండి. ఇంకో రెండు ఇళ్లవాళ్లు నంబరు తీసుకున్నారు. తినండి, పూర్ణాలు. వదినగారికి రెండు ఎక్కువ."

"నాకే ఎందుకు ఎక్కువ?"

"ఆగు అన్నది మీరు కదండీ."

తింటూ నా భార్య ఆమెకు బొట్టు పెట్టే చోటు చూపించింది. అద్దం కింద, రేకు మీద, నంబరు ప్లేటుకు నేరుగా పైన. "గీడ పెట్టు. దేవతకు కనబడతది, గ్లాస్‌కు తక్లీఫ్ ఉండదు."

మొన్నటి ఎండాకాలంలో ఆ వ్యాను మళ్లీ వచ్చింది. కాప్రా చెరువు పక్క రోడ్డులో రాయి ఎగిరిందట. ఆమె తల బయటికి పెట్టి, "కడగలేదండి! ముట్టుకోలేదండి! ఏసీ అసలే లేదండి!" అని రోడ్డు మీద నుంచే అరిచింది. దగ్గరికి వెళ్లి చూశాను. అద్దం మీద ఒక పక్కగా చిన్న టేపు ముక్క నీటుగా అంటించి ఉంది. ఆ టేపు మీద నిండుగా కుంకుమ బొట్టు.

"శుక్రవారం కదండీ" అంది. "మనసు ఒప్పలేదు."

ఆ రోజు అన్నం డబ్బా తెచ్చిన నా భార్య ఆ బొట్టు చూసి నవ్వు ఆపుకోలేక షాపులోకి వెళ్లి వెనక గోడకు ఆనుకుంది. ఆమె తల పక్కనే మేకు మీది తాడు కదిలింది.

నేను టేపు మెల్లగా పీకాను. లోపల దెబ్బ తెల్లగా, శుభ్రంగా ఉంది. మందు సీసా తీశాను.